నిండు కడుపు

వార్డులో ఆరు మంచాలు, ఒక టీవీ.
పొద్దున నేనే తుడిచాను స్పిరిట్ దూదితో,
వేలిముద్ర కూడా మిగలకుండా.
నాదమ్ పండుగని రక్తం కడిగే యంత్రాలకు సెలవుండదు.
నాకూ లేదు.

నాన్న నిన్ననే వెళ్లిపోయాడు ఏడు బావుల మైదానానికి.
గెలుపు గీత దగ్గర, తాడు పక్కన
రాత్రంతా కూర్చుంటేనే చోటు.
"ఏం కనిపిస్తుంది నాన్నా అక్కడ?
గుర్రాలు బయలుదేరేది ఎక్కడో కొండ అవతల.
నీకు దక్కేది ఆఖరి చిటికెడు.
మాకైతే డ్రోన్ ఉంది, మొదటినుంచీ చూస్తాం."
బూట్లలో కాళ్లు దూర్చుకుంటూ అన్నాడు:
"మీ మీద దుమ్ము పడుతుందా?"

పందెం గుర్రాల దుమ్ము నెత్తిన పడితే
ఏడాదంతా కలిసొస్తుందని మా వాళ్ల నమ్మకం.
నేను చదువుకున్నాను, దుమ్ము ఊపిరితిత్తులకు చెడ్డది.

మొదలైంది. రెండేళ్ల పిల్లల పందెం.
పైనుంచి చూస్తే
చాట జారి ఒలికిన గింజలు.
అందులో ఒక గింజ మా అక్క కొడుకు తుగుల్దుర్.
ఎనిమిదేళ్లు. నంబరు రెండు వందల పదిహేడు.
పసుపు టోపీ నేనే కుట్టాను,
గాలికి పోకుండా గడ్డం కింద రెండు ముళ్లు వేసి.

మూడో మంచం మీద దమ్దిన్ గారు
ఒకప్పుడు గుర్రాలకు పరుగు నేర్పినవాడు.
కళ్లు మూసుకుని చూస్తాడు టీవీ.
"ఆ డెక్కల చప్పుడు దొంగది.
స్టూడియోలో కలిపారు. తడి గడ్డి అలా మోగదు."
సూదులు గుచ్చిన చెయ్యి కదపడు గానీ
రెండో చేతి బొటనవేలు కళ్లెం లాగుతూనే ఉంటుంది.

పసుపు టోపీ దొరికింది నడిమి గుంపులో.
పోయింది. మళ్లీ దొరికింది.
తర్వాత, మూడు సెకన్లుంటుందేమో,
ఆ పిల్ల పక్కకు తిరిగి ముందుకాళ్లు మడిచి
పసుపు చుక్క మెడ మీదుగా జారుతుంటే
కెమెరా ముందున్నవాళ్ల దగ్గరికి వెళ్లిపోయింది.
కెమెరాకు అక్క కొడుకులుండరు.

నాన్నకు ఫోన్ చేశాను. మైదానం నిండా జనం, సిగ్నల్ లేదు.
మళ్లీ చేశాను.
ఐదో మంచం యంత్రం కూస్తే నొక్కి ఆపి
మళ్లీ చేశాను.
నాకు తెలుసు, నేనక్కడ లేను.
ఆయనక్కడే ఉన్నాడు, ఆయనకు తెలీదు.
అద్దం మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది, అంతే.

మొదటి అయిదు గుర్రాలూ వచ్చాయి.
పతకాలు, చప్పట్లు, వెంటనే నూడుల్స్ ప్రకటన.
ఆరో మంచం ఛానల్ మార్చమంది.
దమ్దిన్ గారు కళ్లు తెరిచాడు.
"పందెం కాలేదమ్మా. ఆఖరిది రానిదే ఎలా అవుతుంది?"
మార్చలేదు. నూడుల్స్ ఉడికాయి, దిగాయి, మళ్లీ ఉడికాయి.

మధ్యాహ్నం దాటాక మోగింది ఫోన్.
"ఆఖరున వచ్చాం!" పెళ్లికొడుకు తండ్రిలా అరుస్తున్నాడు నాన్న.
"మోకాలు చీరుకుంది, అంతకు మించి ఏం లేదు.
కొంత దూరం ఎక్కి, కొంత దూరం నడిపించి
తీసుకొచ్చాడు వెధవ.
ఒక్కరు కదల్లేదు తెలుసా, తాడు దగ్గరనుంచి.
నిండు కడుపని పేరుపెట్టి పాడారు మన పిల్లకి."

ఆ పాటలో ఏముంటుందో నాకు తెలుసు.
తప్పు గుర్రానిది కాదంటారు,
వచ్చే ఏడు ముందుంటావంటారు.
చెవులారా ఎప్పుడూ వినలేదు.
మా ఇంటి టీవీలో ఆ వేళకి ఏదో ఒకటి ఉడుకుతుంటుంది.

"చూశావా మనవాణ్ణి?"
"కొంచెం చూశాను" అన్నాను.

రాత్రి నేరుగా వార్డుకే వచ్చాడు.
కనుబొమలు బూడిదరంగు. కోటు మీద ఒక జిల్లా దుమ్ము.
పిల్ల చెమట తుడిచిన చేతిగుడ్డ తీసి
అడక్కుండానే దమ్దిన్ గారి నుదుటికి రాశాడు.
ముసలాయన గట్టిగా వాసన పీల్చి,
"గోధుమరంగుది. కుడి ముందుకాలు బెణికింది."
"ఎడమది" అన్నాడు నాన్న.
"గుర్రానికి ఎడమే. నువ్వు ఎదురుగా నిలబడి చూశావు, నాకు కుడి అని చెప్పాలి కదా."
ఇద్దరూ వాదించుకుంటున్నారు.

నర్సుగా నేను అడ్డుపడాలి.
స్పిరిట్ సీసా చేతిలోనే ఉంది.